చిన్నాకు, బేసుల గురించి

చిరంజీవి చిన్నాకు బాబాయ్ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. ఎయిత్ ఆర్మీ (రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికాలో పోరాడిన బ్రిటిష్ సైన్యం) బొమ్మలకు రంగులు చక్కగా వేశావు. కానీ కాళ్ళ కింద బేసు, అంటే బొమ్మ నిలబడే చిన్న పలక, దాని మీది నేలే ఒక్కోడికి ఒక్కోలా ఉందిరా. ఒకడు బీచ్‌లో, ఇంకొకడు పొలం గట్టు మీద నిలబడ్డట్టుంది.

ఈ బొమ్మలతో నువ్వు ఆడబోయే యుద్ధపు ఆట 1942 జూలైలో ఈజిప్టులోని రువైసాత్ రిడ్జ్ పోరు కదా. మన ఐదో ఇండియన్ డివిజన్ పోరాడిన చోటు. అది ఇసుక తిన్నెల ఎడారి కాదు. పైన పల్చగా ఇసుక, గులకరాళ్ళు, కింద గట్టి రాయి. కందకం తవ్వడమే గగనం. బేసు చూడగానే ఆ సంగతి తెలియాలి.

కాకినాడ బీచ్ ఇసుకే వాడతానంటే నాలుగైదు నీళ్ళు మార్చి కడిగి ఎండబెట్టు. లేదంటే ఉప్పు తర్వాత తెల్లగా పైకి తేలుతుంది. ఆరాక టీ వడకట్టే జల్లెడలో జల్లించు. 28 మి.మీ. బొమ్మంటే మనిషిలో దాదాపు 60వ వంతు. 1 మి.మీ. రేణువు వాడికి 6 సెం.మీ. రాయి, 5 మి.మీ. ముక్క అడుగు బండ! కాబట్టి మెత్తటి ఇసుకే ఎక్కువ వెయ్యి, రవ్వలాంటిది కొంచెం. పెద్ద రాయి ఏ నాలుగో బేసుకో ఒకటి చాలు.

రాళ్ళు ముందు ఫెవిక్విక్‌తో అంటించు. తర్వాత ఫెవికాల్‌లో కాస్త నీళ్ళు కలిపి బేసుకు పూసి ఇసుకలో అద్దు. రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున నీళ్ళలా పల్చగా కలిపిన ఫెవికాల్ పైన మరోసారి పట్టించు. రంగు వేసేటప్పుడు ఇసుక ఊడి బ్రష్‌తో రాదు.

ఇక అన్నీ ఒకేలా రావడం. ఇక్కడ నేను బాగా దెబ్బతిన్నాను. మొదటి 24 బొమ్మలకు రంగు కంటి అంచనాతో కలిపేశాను. ఏడాదిన్నర తర్వాత ఇంకో 12 చేస్తే ఎంత కలిపినా ఆ రంగు రాలేదు. చివరికి పాత 24 బేసులకూ మళ్ళీ వేశాను, నాలుగు ఆదివారాలు పట్టింది. అందుకే ముందు ఒక ఖాళీ బేసు పూర్తిగా చెయ్యి. ఏ రంగు ఎన్ని చుక్కలు, ఏ వాష్ (సందుల్లోకి దిగే పల్చటి రంగు), డ్రై బ్రష్ (దాదాపు పొడి బ్రష్‌తో ఎత్తుల మీద రుద్దడం) ఏ రంగుతో, అన్నీ దాని అడుగున రాసిపెట్టు. అదే నీ నమూనా. జల్లించిన ఇసుక కూడా ఒకేసారి సీసా నిండా కలిపి పెట్టుకో. ఆక్రిలిక్ ఆరితే కాస్త ముదురుతుంది, కాబట్టి తడి మీద పోల్చకు. ట్యూబ్‌లైటు కింద అసలే వద్దు, కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూడు. బేసు అంచులకు మాత్రం అన్నిటికీ ఒకే మట్టి రంగు.

ఇప్పటికే చేసినవి పీకొద్దు, పైనుంచే సరిచేయొచ్చు. ఆ పచ్చగడ్డి కుచ్చులు మాత్రం తీసెయ్. అక్కడ ఉండేవి ఎండిన ముళ్ళ పొదలు. కొబ్బరి పీచు రెండు మూడు పోగులు చిన్నగా కత్తిరించి నిలబెట్టు, పది బొమ్మల్లో మూడింటికి చాలు.

నమూనా బేసు అవగానే కిటికీ దగ్గర పెట్టి ఫొటో తీసి పంపు. అది చూశాకే మిగతావి మొదలుపెట్టు.

బాబాయ్