కార్డు ఇచ్చేసి వచ్చేస్తానంటున్న మా బుజ్జికి

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "అక్కా, అది గ్రీన్ కార్డు ఇచ్చేసి వచ్చేస్తానంటోంది" అంది. మీ అమ్మ గొంతులో భయం కంటే సంతోషమే ఎక్కువ వినిపించింది. ముందు నాకూ అలాగే అయింది. మీ నాన్న తుంటి ఎముక విరిగి మంచం మీద ఉన్నాడని, కొబ్బరి దింపు చూసుకునే మనిషి లేక తోట పాడవుతోందని నువ్వు డాలస్‌లో అంత ఉద్యోగం వదిలి వస్తానన్నావంటే, మా అమ్మ పోలిక ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. తర్వాత మీ అమ్మ ఇంకో మాట అంది. "ఇప్పటికి ఇచ్చేస్తుందట, కావాలంటే రెండు మూడేళ్ళకి మళ్ళీ తెచ్చుకుంటుందట." ఇక నాకు తెల్లారేదాకా నిద్ర పట్టలేదు.

తల్లీ, ఇచ్చేసిన కార్డు మళ్ళీ తెచ్చుకోవడం అనేది లేదు. బ్యాంకు లాకర్లో పెట్టిన గొలుసు కాదది. ఐ-407, అంటే కార్డు వదులుకునే ఫారం మీద సంతకం పెట్టాక నువ్వు మళ్ళీ మొదటి మెట్టు దగ్గర నిలబడతావు. వదిలేశావని నీ మీద నిషేధమేమీ ఉండదు, మళ్ళీ అడగొచ్చు, కానీ కొత్తగా అడగాలి. కంపెనీ ద్వారా అయితే మనవాళ్ళ క్యూ సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు, ఏటా ఇచ్చే కార్డుల్లో ఏ దేశానికీ ఏడు శాతానికి మించి ఇవ్వరు కదా. మీ అన్న అక్కడి పౌరుడే కాబట్టి చెల్లెలి కోసం పిటిషన్ వేసినా, ఆ వరస పదిహేనేళ్ళు దాటుతుంది. అక్కడే పుట్టిన పాప వేయాలంటే దానికి 21 నిండాలి, ఇప్పుడు దానికి నాలుగు. లెక్క నువ్వే వేసుకో.

నేనెందుకింత గోల పెడుతున్నానో నీకు సగమే తెలుసు. మిగతా సగం ఇప్పటిదాకా ఎవరికీ సరిగ్గా చెప్పలేదు.

2003 జనవరిలో మీ అమ్మమ్మకి పక్షవాతం వచ్చింది. నువ్వప్పుడు ఏడో తరగతి. నేను న్యూజెర్సీ నుంచి వచ్చి మన ముమ్మిడివరం దగ్గరి ఇంట్లో ఆవిడ మంచం పక్కనే చాప వేసుకున్నాను. నెల రోజులకని వచ్చినదాన్ని పద్నాలుగు నెలలు ఉండిపోయాను. నువ్వు బడి నుంచి రాగానే అమ్మమ్మ తల దువ్వి, చెంచాతో జావ తాగించేదానివి, గుర్తుందా? ఏడాది దాటితే కార్డొక్కటీ చూపించి లోపలికి వెళ్ళడం కుదరదని, వచ్చేముందే రీ ఎంట్రీ పర్మిట్ తీసుకోవాలని నాకెవరూ చెప్పలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు. కార్డు మీద పదేళ్ళ తేదీ ఉంది, అది చూసుకుని ధైర్యంగా ఉన్నాను.

2004 మార్చిలో వెనక్కి వెళ్ళాను. మద్రాసు నుంచి బయల్దేరి రెండు విమానాలు మారేసరికి ఒళ్ళు తెలియలేదు. చేతిసంచిలో మావాడి కోసం, అదే మీ తమ్ముడి కోసం ఆత్రేయపురం పూతరేకులు, నలగకుండా అట్టపెట్టెలో పెట్టి ఒళ్ళో పట్టుకునే తెచ్చాను. ఎయిర్‌పోర్టులో నన్ను పక్క గదిలోకి పంపారు. ప్లాస్టిక్ కుర్చీలు, ఏసీ చలి. మూడు గంటల తర్వాత ఒక ఆఫీసరు పిలిచి "నువ్విక్కడ ఉండటం లేదు, కాబట్టి ఇది నీది కాదు" అన్నాడు. తిట్టలేదు, మామూలుగానే అన్నాడు. కాగితం ముందు పెట్టి, సంతకం పెడితే ఇప్పటికి విజిటరుగా లోపలికి పంపుతానన్నాడు. బయట మీ పెదనాన్న, పదేళ్ళ పిల్లాడు నిలబడి ఉన్నారు. నాకేమనిపించిందో చెప్పనా? ఆయన అన్నది నిజమే అనిపించింది. ఏడాదికి పైగా కొడుకుని వదిలేసి వెళ్ళినదాన్ని, నాకేం హక్కుందిలే అని సిగ్గేసింది. కాగితం చదవకుండా పెట్టేశాను. ఒళ్ళో పెట్టె అలాగే ఉంది, అంచు వేళ్ళ కింద నలిగిపోయి.

ఆ సంతకం పెట్టాల్సిన పని లేదట. "నేను సంతకం పెట్టను, జడ్జి ముందు చెప్పుకుంటాను" అనే హక్కు నాకుందట. చూపించాల్సిన అమ్మ ఆసుపత్రి కాగితాలన్నీ చెక్ ఇన్ చేసిన సూట్‌కేసులోనే ఉన్నాయి. ఈ హక్కు సంగతి తర్వాత ఒక లాయరు చెప్పాడు, అప్పటికి అయిపోయింది.

రెండు నెలలుండి వెనక్కొచ్చేశాను. మీ అమ్మమ్మ నన్ను చూసి ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకుని వదల్లేదు, నా కోసమే వచ్చావు కదా అన్నట్టు. అవునమ్మా అన్నాను. ఆవిడకి అసలు సంగతి చెప్పలేదు, 2005లో పోయేదాకా చెప్పలేదు. మీ పెదనాన్న పౌరసత్వం తీసుకుని నాకోసం పిటిషన్ వేశారు. 2006 ఆగస్టులో గోదావరి గట్టు తెంచుకుని వచ్చినప్పుడు ఇంట్లో మోకాలి లోతు నీళ్ళు, ట్రంకు పెట్టెలో పెళ్ళి సర్టిఫికెట్టు, వీసా కాగితాలు తడిసి ముద్దయ్యాయి. ఒక్కో కాగితం విడదీసి మంచం మీద ఫ్యాను కింద ఆరబెట్టుకుంటూ నువ్వూ నేనూ కూర్చున్నాం. మళ్ళీ కాగితాలు తీయించి, వీసా ఇంటర్వ్యూ అయి, నేను వెళ్ళేసరికి 2007 నవంబరు. ఆ సంతకం పెట్టిన రోజు నుంచి మూడేళ్ళ ఎనిమిది నెలలు. మీ తమ్ముడు నాకంటే పొడుగయ్యాడు, గొంతు మారిపోయింది. ఇంటికెళ్ళగానే వాడే అన్నం వండి నాకు పళ్ళెంలో పెట్టాడు. అమ్మ వచ్చిందని చేశాడు పాపం. ఆ అన్నం నాకు గొంతు దిగలేదు.

అందుకే అడుగుతున్నా, నువ్వు నిజంగా వదులుకుందామనుకుంటున్నావా, లేక నాన్న మీద బెంగలో అంటున్నావా? ఆ రెండూ వేరే వేరే.

బెంగే అయితే కార్డు ఇవ్వొద్దు. ఐ-131 వేసి రీ ఎంట్రీ పర్మిట్ తీసుకో. అప్లికేషన్ వేసేటప్పుడు నువ్వు అక్కడే ఉండాలి, ఇక్కడికొచ్చి వేస్తానంటే కుదరదు. వేలిముద్రలు ఇచ్చేసి బయల్దేరు. రెండేళ్ళు పనికొస్తుంది, అంతలో మీ నాన్న లేచి నడుస్తాడు. ఆ రెండేళ్ళూ ట్యాక్సు అక్కడి నివాసిగానే వెయ్యి, నాన్ రెసిడెంటుగా వేశావంటే నీ అంతట నువ్వే వదిలేసినట్టు లెక్కేస్తారు. బ్యాంకు ఖాతా, అడ్రసు ఉంచుకో.

ఇంకో దారి ఉంది, అది మీ నాన్నకి నచ్చదని నాకు తెలుసు. 2021 అక్టోబరులో కదా నీకు కార్డు వచ్చింది. ఐదేళ్ళకి తొంభై రోజుల ముందే పౌరసత్వానికి వేసుకోవచ్చు. పర్మిట్ మీద ఇక్కడ ఏడాది దాటి ఉంటే ఆ ఐదేళ్ళ లెక్క తెగిపోతుంది, పర్మిట్ దాన్ని కాపాడదు. పౌరసత్వం తీసుకుంటే మన పాస్‌పోర్టు పోతుంది, ఓసీఐతో, అంటే విదేశీ పౌరులైన మనవాళ్ళకి ఇండియా ఇచ్చే కార్డుతో, ఎన్నేళ్ళయినా ఇక్కడ ఉండొచ్చు, నేనిప్పుడు రాజమండ్రిలో ఉంటున్నది అలాగే. కానీ ఓసీఐ వాళ్ళు పొలం కొనకూడదు, తోట కొనకూడదు, గిఫ్టుగా కూడా రాయించుకోకూడదు. వారసత్వంగా అయితే వస్తుంది. కాబట్టి మీ నాన్న తొందరపడి నీకు గిఫ్ట్ డీడ్ రాస్తానంటే ఒద్దను, వీలునామా చాలు. ఇప్పుడు నువ్వు ఎన్నారైవి కదా, నీకూ అదే రూలు. నువ్వు పౌరసత్వం మార్చకుండా పూర్తిగా వచ్చేసి ఇక్కడే ఉంటే పక్క తోట కూడా కొనుక్కోవచ్చు. దీని మీద బాగా ఆలోచించు, మా నాన్న తోట గురించి నేను సరిగ్గా ఆలోచించలేదు.

నిజంగా వదిలేస్తానంటే కూడా నేను అడ్డు చెప్పను. నీ తోట, నీ నాన్న, నీ బతుకు. అప్పుడు మాత్రం ఇంట్లో కూర్చుని, ప్రతి గీతా చదివి ఐ-407 నింపి పోస్టులో పంపు, కాపీ ఉంచుకో. రేపు విజిటర్ వీసాకి వెళ్ళినప్పుడు ఆ కాపీ పనికొస్తుంది. అల్లుడిది అల్లుడు వేరే వేసుకోవాలి. కార్డు డ్రాయర్లో పడేసి ఊరుకుంటే ట్యాక్సు బాధ్యత పోదు, ముమ్మిడివరంలో కూర్చున్నా వాళ్ళ లెక్కలో నువ్వు ఉన్నట్టే. గత 15 ఏళ్ళలో 8 ఏళ్ళు కార్డు ఉన్నవాళ్ళకి వదిలేటప్పుడు ఇంకో పన్ను లెక్క ఉంటుంది, ఏడాదిలో ఒక్కరోజు ఉన్నా ఏడాది కిందే జమ. నీకు 2021 నుంచి లెక్కపెడితే 2028కి ఎనిమిది అవుతాయి. అందుకని ఎటూ తేల్చకుండా నాన్చకు.

పాప అక్కడ పుట్టింది కాబట్టి దానికి ఓసీఐ ముందే చేయించు. కాగితాలన్నీ ప్లాస్టిక్ కవర్లో చేతిసంచిలోనే పెట్టుకో, సూట్‌కేసులో వద్దు. ఇక్కడికొచ్చాక అటక మీదే, కింద ఎక్కడా వద్దు.

నువ్వు తొందరపడకుండా ఉండాలని నేనొకటి అనుకున్నాను. శుక్రవారం పొద్దున్న బస్సుకి ఊరెళుతున్నాను. దింపు వాళ్ళతో మాట్లాడతాను, మీ నాన్నకి కట్టు మార్చేటప్పుడు పక్కనుంటాను. నువ్వు అన్నీ చూసుకుని, చదువుకుని, నీకు నచ్చినట్టు తేల్చుకుని వచ్చేదాకా అక్కడే ఉంటాను. ఆదివారం ఫోన్ చెయ్యి, పాపని కూడా దగ్గర కూర్చోబెట్టుకో.

మీ పెద్దమ్మ