కొత్త లోయర్ ఆర్మ్ బుష్‌లు ఇంత త్వరగా ఎందుకు చిరిగాయంటే

మీ కారుకు ఇంట్లోనే కొత్త లోయర్ ఆర్మ్‌లు (చక్రాన్ని బాడీకి కలిపే కింది చేతులు) వేశాక కొన్ని నెలలకే వాటి బుష్‌ల (ఆర్మ్ బాడీకి కలిసే చోట ఉండే రబ్బరు కీళ్ల) రబ్బరు చిరిగి, స్పీడ్ బ్రేకర్ల మీద మళ్లీ టకటక శబ్దం వస్తోందని, ఎందుకని అడిగారు. బండి జాకీ మీద ఉండి, చక్రాలు వేలాడుతుండగానే ఆర్మ్ బోల్టులు పూర్తిగా బిగించేసి ఉంటారు. నాసిరకం పార్టు కూడా కావచ్చు. కానీ రెండు వైపులా ఒకేలా చిరిగాయంటే నా అనుమానం బిగింపు మీదే.

మామూలు బుష్‌లో రబ్బరు లోపలి ఇనుప గొట్టానికి అతికి ఉంటుంది. బోల్టు బిగించగానే ఆ గొట్టం కదలదు. ఆర్మ్ వేలాడుతుండగా బిగిస్తే, బండి కిందికి దించగానే రబ్బరు పిండిన బట్టలా మెలితిరిగి అలాగే ఉండిపోతుంది. పైగా ప్రతి గుంతకూ ఇంకాస్త లాగుతుంది.

చిరిగిన బుష్‌లు ఇక పనికిరావు, కొత్తవి వేయాల్సిందే. ఈసారి ఇలా చేయండి:

1. విప్పకముందే, బండి నేల మీద ఉండగా హబ్ (చక్రం నడిమి భాగం) మధ్య నుంచి ఫెండర్ (చక్రం పైనున్న బాడీ రేకు) అంచుకు దూరం కొలిచి రాసుకోండి.
2. కొత్త ఆర్మ్ ఎక్కించి, బోల్టులు చేత్తో తిరిగినంతే తిప్పండి. బాల్ జాయింట్ (ఆర్మ్‌కు చక్రం వైపు చివర ఉండే గుండ్రటి కీలు) నట్ మాత్రం అప్పుడే పూర్తిగా బిగించవచ్చు.
3. బాడీని స్టాండ్ల మీదే ఉంచి, బాల్ జాయింట్ దగ్గర ఆర్మ్ కింద జాకీ పెట్టి, రాసుకున్న కొలత వచ్చేదాకా మెల్లగా ఎత్తండి. ఈలోపే బండి స్టాండ్ మీద నుంచి లేస్తుంటే ఆపేసి, చక్రాల కింద గట్టి దిమ్మెలు పెట్టి బరువంతా వాటి మీదికి దించండి.
4. ఇప్పుడు బుష్ బోల్టులను మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించండి. బోల్టులు మళ్లీ వాడొద్దని అందులో ఉంటే కొత్తవి తెచ్చుకోండి.

తర్వాత వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించండి.