షోకేస్‌కు డబ్బు కట్టాలా? సొంత పాటలతో వేదిక వెతుక్కునేవాళ్లకు

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. పాటలు రాసి, బాణీ కట్టి, గిటార్ వాయిస్తూ పాడతాను. ఇద్దరు స్నేహితులు కీబోర్డు, కహోన్ (పెట్టెలా ఉండే తాళవాద్యం) వాయిస్తారు. ఆరు పాటలు రికార్డు చేసి ఒకేరోజు ఆన్‌లైన్‌లో పెట్టేశాం. చాలామందికి మెయిళ్లు పంపాం, ఒక్కరూ జవాబివ్వలేదు. ఇప్పుడు ఒక షోకేస్ నిర్వాహకులు ఫీజు కడితే అరగంట వేదిక ఇస్తామంటున్నారు. కట్టాలా? అసలు పరిచయాలు ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?

జవాబు: షోకేస్ అంటే కొత్త కళాకారులు సంగీత రంగంవాళ్ల ముందు తమ పాటలు పాడి చూపించుకునే చిన్న ప్రదర్శన. ముందు ఫీజు సంగతి తేల్చుకుందాం. ఈ రంగంలో రెండు రకాల ఫీజులున్నాయి. మొదటిది దరఖాస్తు ఫీజు. పేరున్న షోకేస్ ఫెస్టివల్స్‌లోనూ కొన్ని దీన్ని తీసుకుంటాయి. వచ్చిన పాటలు విని ఏరడానికి ఒక కమిటీ ఉంటుంది. ఎంపికైనా కాకపోయినా ఆ డబ్బు వెనక్కి రాదు. రెండోది వేదిక ఫీజు. ఇక్కడ ఏరడం ఉండదు, కట్టినవాళ్లందరికీ తలా అరగంట ఇస్తారు. దీనికే ఇంకో వేషం ఉంది: ఇన్ని టికెట్లు మీరే అమ్మిపెట్టాలి, మిగిలినవాటి డబ్బు మీరే కట్టాలి.

మీరు రాసినదాన్ని బట్టి మీకొచ్చింది రెండో రకమే. కట్టొద్దు. పోయే డబ్బు ఒక్కటే కాదు కారణం. వడపోత లేని వేదికకు కొత్తవాళ్లను వెతికే ఏజెంట్లు రారు. హాల్లో ఉండేది మీలాగే ఫీజు కట్టిన బృందాలు, వాళ్ల వెంట వచ్చిన స్నేహితులు. ఆ అరగంట మీకు వేదిక అనుభవం ఇస్తుందేమో కానీ, ఆ అనుభవం ఎవరైనా వచ్చి ఒకటి రెండు పాటలు పాడగలిగే ఓపెన్ మైక్‌లో డబ్బు కట్టకుండానే దొరుకుతుంది.

అయినా మనసు లాగుతుంటే నిర్వాహకులకు మెయిల్ పెట్టండి. పోయినసారి సంగీత రంగం నుంచి ఎవరెవరు వచ్చారు? మాకిచ్చేది ఏ రోజు, ఏ సమయం? సౌండ్ ఇంజినీరు మీ తరఫునే ఉంటారా? ప్రదర్శన వీడియో హక్కులు ఎవరివి? ఈ చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. కొన్ని ఒప్పందాల్లో, ఎవరూ చదవని చివరి పేరాలో, మీ ప్రదర్శన రికార్డింగును ఎప్పటికీ ఏ రూపంలోనైనా వాడుకునే హక్కు వాళ్లకు రాసిచ్చినట్టు ఉంటుంది. ప్రచారానికి ఒక నిమిషం ముక్క వాడుకుంటామంటే ఒప్పుకోండి. పూర్తి పాట కావాలంటే విడిగా రాతకోతలు జరగాలి. ఈ ప్రశ్నలకు సూటిగా జవాబు రాకపోతే అదే మీకు జవాబు.

అసలైన షోకేస్‌ల సంగతికొస్తే, అక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది పనిమీద వస్తారు: ఫెస్టివల్స్‌కు కళాకారులను ఎంచేవాళ్లు, ప్రదర్శనలు కుదిర్చే బుకింగ్ ఏజెంట్లు, పాటలు విడుదల చేసే లేబుళ్లవాళ్లు, రేడియోవాళ్లు. ఒకే రాత్రి నాలుగైదు వేదికలు చుట్టేస్తారు. రెండు పాటలు విని లేచి వెళ్లిపోతే నచ్చలేదని అర్థం కాదు. అందుకే మీ బలమైన పాట మొదటిదో రెండోదో అయి ఉండాలి. చివరికోసం దాచుకుంటే అది వినాల్సినవాళ్లు అప్పటికి పక్క వేదిక దగ్గర ఉంటారు.

అమెరికాలోని ఆస్టిన్‌లో 1987 నుంచి మార్చిలో జరుగుతున్న సౌత్ బై సౌత్‌వెస్ట్, ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో మే నెలలో జరిగే ది గ్రేట్ ఎస్కేప్, జర్మనీలోని హాంబర్గ్‌లో సెప్టెంబరులో జరిగే రీపర్‌బాన్ ఫెస్టివల్ ఈ కోవలోవి. తమ నేల సంగీతాన్ని, తమ భాషను పట్టుకుని పాడేవాళ్లకు వోమెక్స్ అనే ప్రపంచ సంగీత మేళా ఎక్కువ నప్పుతుంది. 1994లో బెర్లిన్‌లో మొదలై, ఇప్పుడు యూరప్‌లో నగరాలు మారుతూ జరుగుతోంది. జానపద సంగీత సంస్థ ఫోక్ అలయన్స్ ఇంటర్నేషనల్ వాళ్ల సదస్సులో అధికారిక వేదికలతో పాటు రాత్రి పొద్దుపోయాక హోటల్ గదుల్లోనూ షోకేస్‌లు నడుస్తాయి. మైకు లేకుండా పాడగలిగే మీలాంటి చిన్న బృందాలకు అక్కడ మంచి చోటు. గడువులు మాత్రం కార్యక్రమానికి నెలల ముందే అయిపోతాయి.

దరఖాస్తుకు ముందు నిబంధనలు మొదటినుంచి చివరిదాకా చదవాలి. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో జనవరిలో జరిగే యూరోసోనిక్ యూరప్ కళాకారుల కోసం. అమెరికా రేడియో సంస్థ ఎన్‌పీఆర్ వాళ్ల టైనీ డెస్క్ పోటీకి అమెరికాలో ఉంటున్నవాళ్లే అర్హులు, పాట సొంతదై ఉండాలి, వీడియోలో ఒక డెస్కు కనిపించాలి. ఎంపికైనా ప్రయాణం, బస ఖర్చులు చాలాచోట్ల మీవే. పరాయి దేశంలో అయితే పైసా రాకపోయినా వేదికెక్కడాన్ని పనిగా లెక్కించి, అందుకు తగ్గ వీసా అడగొచ్చు. ఇవన్నీ చూసుకుంటే మొదటి ఏడాదే వీటివెంట పరుగెత్తడం దండగ. కనీసం పాతిక ప్రదర్శనలు చేశాక, రెండు పాటల మంచి లైవ్ వీడియో చేతిలో ఉన్నాక వెళ్లండి.

ఇక పరిచయాలు. మెయిళ్లకు జవాబు రాకపోవడానికి పాటలు బాగాలేవనే అనుకోనక్కర్లేదు. ఒకే మెయిల్ అందరికీ పంపి ఉంటారు. బుకింగ్ ఏజెంటుకు కావాల్సింది మీ ప్రదర్శనకు ఎంతమంది వస్తున్నారన్న లెక్క. సినిమాలు, ప్రకటనలకు పాటలు వెతికే మ్యూజిక్ సూపర్‌వైజర్‌కు ఆ లెక్కతో పనిలేదు. హక్కుల తగాదా లేని పాట కావాలి, గొంతు తీసేసిన ట్రాక్ అడగ్గానే అందాలి. పాటల హక్కులు చూసుకునే పబ్లిషర్ మీ రాతను, బాణీని చూస్తారు, రికార్డింగ్ కాస్త అటూఇటూగా ఉన్నా పట్టించుకోకపోవచ్చు. వేదిక నడిపేవాళ్లకు మీవల్ల ఆ రాత్రి హాలు నిండుతుందా లేదా అన్నది ముఖ్యం. ఎవరికి రాస్తున్నారో తేల్చుకున్నాకే మెయిల్ మొదలుపెట్టండి.

మెయిల్ వంద పదాలు దాటకూడదు. మొదటి వాక్యంలో మీరెవరో, వాళ్లకే ఎందుకు రాస్తున్నారో చెప్పండి. తర్వాత ఒక పాట లింకు, ఒక లైవ్ వీడియో లింకు, అడగాలనుకున్నది ఒక్క వాక్యంలో. ఫైళ్లు జత చేయకండి. తరచూ జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది: డ్రైవ్ లింకు పంపుతారు, అవతలివాళ్లు నొక్కితే అనుమతి అడుగుతుంది, వాళ్లు మూసేస్తారు. పంపే ముందు ఆ లింకును మీ ఖాతా తెరిచిలేని ఫోన్లో ఒకసారి నొక్కి చూడండి.

లైవ్ వీడియో అంటే స్టూడియో పాటకు పెదాలు కదిపింది కాదు. ఒకే టేకులో, కోతలు లేకుండా, వేదిక మీద వినిపించినట్టే వినిపించాలి. వేదికకు ఎంపిక చేసేవాళ్లు స్టూడియో పాటకంటే దీన్నే నమ్ముతారు.

నా ఉద్దేశంలో పరిచయాల విషయంలో ఎక్కువమంది చేసే తప్పు పైకే చూడటం. పెద్ద లేబుల్‌లో ఎవరినైనా పట్టుకోవాలని తిరుగుతారు, పక్కనే ఉన్నవాళ్లను చూడరు. మీ స్థాయిలోనే ఉన్న ఇంకో రెండు బృందాలు, చిన్న వేదికలో సౌండ్ చూసే మనిషి, పోస్టర్లు గీసే స్నేహితురాలు, ప్రదర్శనలు వీడియో తీసే కుర్రాడు... ముందుకు తీసుకెళ్లేది వీళ్లే. మూడు బృందాలవాళ్లు కలిసి ఒక రాత్రి ప్రదర్శన పెట్టుకుని, ఒక్కో బృందం 30 మందిని తీసుకొస్తే హాల్లో 90 మంది ఉంటారు. మీ 30 మంది మిగతా రెండు బృందాలనూ వింటారు, వాళ్ల 60 మంది మిమ్మల్ని వింటారు. తర్వాతిసారి ఆ బృందాల్లో ఒకరికి పెద్ద అవకాశం వస్తే, ముందు పాడటానికి ఎవరినైనా చెప్పమని అడుగుతారు. అప్పుడు గుర్తొచ్చేది మీరే కావాలి.

ఓపెన్ మైక్‌కు వెళితే మొదలవడానికి ముందే వెళ్లండి, చివరి మనిషి పాడేదాకా ఉండండి. తమ రెండు పాటలు కాగానే గిటార్ సర్దుకుని వెళ్లిపోయేవాళ్లను అక్కడ అందరూ గుర్తుపెట్టుకుంటారు. సౌండ్ ఇంజినీరు పేరు కనుక్కుని, దిగేటప్పుడు పేరుతో పిలిచి ధన్యవాదాలు చెప్పండి. ఏ బృందం సమయానికి వచ్చిందో, ఎవరు గొడవపెట్టారో వేదిక యజమానులు ముందుగా అడిగేది ఆయన్నే. సోఫార్ సౌండ్స్ లాంటివి కూడా ప్రయత్నించండి. 2009లో లండన్‌లో మొదలైన ఈ పద్ధతిలో చిన్న గదిలో కొద్దిమంది ముందు పాడతారు, ఎవరు పాడబోతున్నారో వచ్చినవాళ్లకు ముందు తెలియదు, కబుర్లుండవు. మాటల బలమున్న పాటలకు అలాంటి నిశ్శబ్దం చాలా మేలు చేస్తుంది.

వేదిక మీద పరువు నిలిపేవి చిన్న కాగితాలే. వాటిలో ముఖ్యమైనది ఇన్‌పుట్ లిస్ట్, అంటే సౌండ్ మిక్సర్‌లో ఏ ఛానెల్‌కు ఏది కలపాలో చెప్పే జాబితా. మీ ముగ్గురికీ అది ఇలా ఉంటుంది: 1: ప్రధాన గొంతు, మైకు; 2: గిటార్, డీఐ బాక్స్ (వాయిద్యాన్ని మైకు లేకుండా మిక్సర్‌కు కలిపే చిన్న పెట్టె); 3, 4: కీబోర్డు ఎడమ, కుడి, రెండు డీఐలు; 5: కహోన్ వెనక రంధ్రం దగ్గర మైకు; 6: కహోన్ ముందు పలక దగ్గర మైకు; 7: వంత గొంతు, మైకు. మొత్తం ఏడు ఛానెళ్లు. దీనితోపాటు ఎవరు ఎక్కడ నిలబడతారో, కరెంటు ప్లగ్గులు ఎక్కడ కావాలో చూపించే బొమ్మ ఒకటి గీసి, వారం ముందే పంపండి. రెండు కాగితాలూ ఒకే పేజీలో పట్టాలి, పైన ఒక ఫోన్ నంబరు ఉండాలి.

షోకేస్‌లో తీరిగ్గా సౌండ్ చెక్ దొరకదు. బృందానికీ బృందానికీ మధ్య పదిహేను, ఇరవై నిమిషాలు ఉంటాయి, అందులోనే ఒక్కో ఛానెల్ పలుకుతోందా లేదా అని చూసే లైన్ చెక్ అవుతుంది. కీబోర్డుకు ఒక్క డీఐ మాత్రమే ఉందంటే కంగారుపడకండి. చాలా కీబోర్డుల్లో ఎడమ అవుట్‌పుట్ పక్కన మోనో అని రాసి ఉంటుంది. దాన్నొక్కదాన్నే గుచ్చితే రెండు వైపుల శబ్దమూ కలిసి వస్తుంది. కుడివైపుది గుచ్చితే సగం శబ్దం పోతుంది. గిటార్ శబ్దాన్ని అందుకునే పికప్‌లో 9 వోల్టుల బ్యాటరీ ఉంటే ప్రదర్శన ముందురోజు కొత్తది వేయండి. బ్యాటరీ నీరసిస్తే ముందు శబ్దం గరగరలాడుతుంది, తర్వాత సన్నబడుతుంది. అప్పుడు తప్పంతా సౌండ్ మనిషిదేననిపిస్తుంది. శ్రుతి మార్చాల్సిన పాటలు రెండుంటే వాటిని పక్కపక్కనే పెట్టుకోండి.

అరగంట ఇచ్చారంటే 25 నిమిషాల పాటలే సిద్ధం చేసుకోండి, అంటే సుమారు నాలుగు నిమిషాల పాటలు ఆరు. మిగతా ఐదూ మాటలకు, చప్పట్లకు, శ్రుతికి పోతాయి. సమయం దాటితే తర్వాతి బృందం సమయం తిన్నట్టు, దాన్ని ఎవరూ క్షమించరు. మీ మెయిలింగ్ లిస్టులో చేరమని చివరి పాటకు ముందే అడగండి, క్యూఆర్ కోడ్ పెద్ద సైజులో వేదిక ముందే ఉండాలి. చివరి పాట అయ్యాక అడిగితే అప్పటికే జనం లేస్తుంటారు.

ఇప్పుడు మీ ఆరు పాటల దగ్గరికి. అన్నీ ఒకేరోజు పెట్టేయడం వల్ల ఒక అవకాశం పోయింది. స్పాటిఫైలో ఎడిటర్ల ప్లేలిస్టుకు ఇంకా విడుదల కాని పాటనే పంపగలరు, అదీ విడుదలకు కనీసం 7 రోజుల ముందు పంపమంటుంది స్పాటిఫై. కాబట్టి ఏడో పాటను డిస్ట్రిబ్యూటర్‌కు (పాటలను ఆన్‌లైన్ సర్వీసులకు చేర్చే సంస్థ) విడుదల తేదీకి నాలుగు వారాల ముందే ఇవ్వండి. డబ్బిస్తే ఇన్ని వేల స్ట్రీములు తెప్పిస్తామనేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. బాట్‌లతో, అంటే మనుషులు వినకుండా కంప్యూటర్ ప్రోగ్రాములతో తెచ్చిన స్ట్రీములను స్పాటిఫై లెక్కలోంచి తీసేస్తుంది, డిస్ట్రిబ్యూటర్‌పై జరిమానా కూడా వేస్తుంది, అది చివరికి మీ నెత్తినే పడొచ్చు.

ఈ వారంలోనే చేయాల్సిన పని ఒకటుంది: ముగ్గురూ కూర్చుని ఒక్కో పాటకు వాటాల కాగితం రాసుకోండి. పాటలో రెండు ఆస్తులుంటాయి. మాటలు, బాణీ కలిపి ఒకటి, ఆ రికార్డింగు మరొకటి. ఒక్కోదానిలో ఎవరికెంత శాతమో రాసి, మొత్తం సరిగ్గా 100 వచ్చేలా చూసి, సంతకాలు చేయండి. స్నేహం బాగున్నప్పుడు ఇది పది నిమిషాల పని. ఏదైనా సినిమావాళ్లు పాట అడిగినరోజు మొదలుపెడితే, ముగ్గురిలో ఒకరు ఫోనెత్తకపోయినా ఆ అవకాశం జారిపోతుంది. రికార్డింగును గుర్తించడానికి అక్షరాలు, అంకెలు కలిపి 12 ఉండే ఐఎస్‌ఆర్‌సీ కోడ్ డిస్ట్రిబ్యూటర్ ఇచ్చి ఉంటారు, అదీ ఆ కాగితంలో రాసుకోండి. మీ దేశంలోని కాపీరైట్ సొసైటీలో సభ్యత్వం తీసుకుని పాటలు నమోదు చేయించండి. సొంత పాటలు వేదిక మీద పాడినా రాయల్టీ వచ్చే వీలుంటుంది. అందుకు సొసైటీవాళ్లు అడిగితే ఆ రాత్రి పాడిన పాటల జాబితా పంపాలి.

ప్రతి ప్రదర్శన తర్వాతా ఒక నోటుబుక్కులో నాలుగు వివరాలు రాయండి: తేదీ, వేదిక, వచ్చినవాళ్ల సంఖ్య, మెయిలింగ్ లిస్టులో కొత్తగా చేరినవాళ్లు. ఏజెంటు అడిగే లెక్క ఇదే. సంఖ్య పెంచి రాయకండి. వేదికవాళ్లకు ఒక ఫోన్ చేస్తే నిజం తెలిసిపోతుంది. ఎవరినైనా కొత్తగా కలిస్తే, ఇంటికి వెళ్లేలోపే వాళ్ల పేరు, మాట్లాడుకున్న ఒక విషయం ఫోన్లో రాసుకోండి. మూడు నాలుగు రోజుల తర్వాత ఆ విషయాన్నే ప్రస్తావిస్తూ మూడు వాక్యాల మెయిల్ పంపండి, పంపుతానని చెప్పిన లింకు అందులోనే పెట్టండి. జవాబు రాకపోతే రెండు వారాలు ఆగి ఇంకోసారి రాయండి. అప్పటికీ రాకపోతే మీ తర్వాతి ప్రదర్శన తేదీ ఖాయమైనప్పుడు, రమ్మని పిలుస్తూ రాయండి.