టికెట్ వెనక "సొంత బాధ్యత" అని ఉంటే కేసు పోయినట్టేనా?

పోయినట్టు కాదండి. మీరు రాసిన సంగతి ఇదీ: మీది టెక్కలి. పర్లాకిమిడి దగ్గర జాతరలో జయింట్ వీల్ ఎక్కితే సీటు గొళ్లెం ఊడి మీ చెల్లి పడిపోయింది, చెయ్యి విరిగింది. నడిపేవాడేమో టికెట్ వెనకున్న "నిజ దాయిత్వరే" అనే ఒడియా ముక్క చూపించి, సొంత బాధ్యత మీద ఎక్కారు కదా అంటున్నాడు. నేను లాయర్ని కాను గానీ ఇలాంటి కాగితం వల్లే ఎనిమిది నెలలు తిరిగినవాణ్ణి.

బరంపురంలో ఉద్యోగం చేసేటప్పుడు ఒక జిమ్‌లో చేరాను. దెబ్బ తగిలితే జిమ్‌కు సంబంధం లేదని రాసిన ఫారం ఇచ్చారు. బడిలో ఒడియా చదువుకున్నవాణ్ణే, అయినా చదవకుండా సంతకం పెట్టేశా. మూడో నెలలో మెషీన్ కేబుల్ తెగి కడ్డీ భుజం మీద పడింది. కాలర్ బోన్ విరిగింది.

ఫారం చూసి మా వీధిలో ఉండే లాయరుగారు నవ్వారు. "బరువులెత్తితే కండ పట్టేస్తుంది, నడుం నొప్పెడుతుంది. దానికి ఒప్పుకున్నావు బాబూ. అరిగిన కేబుల్ మార్చకుండా వదిలేస్తామంటే ఎప్పుడు ఒప్పుకున్నావు?" అన్నారు. ఇష్టపడి ఒప్పుకున్నవాడు నష్టపరిహారం అడగలేడన్న సూత్రం ఉంది, లాటిన్‌లో వొలెంటై నాన్ ఫిట్ ఇంజూరియా అంటారు. అయితే ఆ ప్రమాదం మనకు తెలుసనీ, సరిగ్గా దానికే స్వేచ్ఛగా ఒప్పుకున్నామనీ నిరూపించాల్సింది అవతలివాళ్లే.

నాకు చిక్కొచ్చింది ఫారంతో కాదు, నా ఫోన్‌తో. కేబుల్ పోగులు లేచాయని రెండు రోజుల ముందే ట్రైనర్‌కు వాట్సాప్‌లో ఫొటో పెట్టాను. అదే నా బలం అనుకున్నా. వాళ్ల లాయరు దాన్నే తిప్పికొట్టాడు: తెలిసీ కూర్చున్నాడంటే ఒప్పుకున్నట్టేగా అని. అప్పుడు మా లాయరుగారు 1891 నాటి స్మిత్ వర్సెస్ బేకర్ తీర్పు బయటికి తీశారు. ఇంగ్లండులో ఒక కూలీ రాతికి రంధ్రాలు వేస్తుంటే క్రేను అతని నెత్తిమీదుగా రాళ్లు మోసేది. ఆ సంగతి అతనికి తెలుసు. ఒక రాయి పడింది. తెలిసి పని చేసినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని అప్పట్లో అక్కడి పైకోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది.

కానీ తెలిసీ జాగ్రత్తపడకపోతే మన తప్పూ కొంత లెక్కలోకి రావచ్చు. కంట్రిబ్యూటరీ నెగ్లిజెన్స్ అంటారు. కేసు పోదు, పరిహారంలో మన తప్పు మేరకు కోత పడుతుంది. ఆ భయంతోనే 62,000 ఖర్చయితే 45,000కు రాజీపడ్డాను. మా ఆవిడ ఇప్పటికీ తిడుతూనే ఉంటుంది.

ఇక మీ చెల్లి సంగతి. వీల్ ఎక్కితే కళ్లు తిరుగుతాయి, వాంతి వస్తుంది. ఆమె ఒప్పుకున్నదంటే అంతవరకే. గొళ్లెం సరిగ్గా ఉందో లేదో చూసుకోవాల్సింది వాడు. తిరుగుతుండగా లేచి నిలబడిందా, సెల్ఫీకి వంగిందా అని తప్పకుండా అడుగుతారు. అలాంటిదేమైనా ఉంటే మీ లాయరు దగ్గర దాచకండి.

ప్రమాదం ఒడిశాలో జరిగిందని పర్లాకిమిడి చుట్టూ తిరగక్కర్లేదు. డబ్బిచ్చి టికెట్ కొన్నారు కాబట్టి మీరు వినియోగదారులే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే చోట, అంటే శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. గడువు రెండేళ్లు. కాకపోతే జాతర అయ్యాక వీల్ విప్పుకుని పోతే వాణ్ణి పట్టుకోవడం కష్టం. జాతరకు అనుమతి ఇచ్చిన ఆఫీసులో వాడి పేరు, చిరునామా ముందే అడగండి. పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి కాపీ ఉంచుకోండి.

ఇంతకీ ఆ టికెట్ ఉందా, పారేశారా? ఉంటే ఈ రోజే రెండువైపులా ఫొటో తీయండి. నా జిమ్ రసీదు మీద అక్షరాలు నాలుగు నెలలకే ఎగిరిపోయాయి.