ఫ్లో కెమిస్ట్రీ ల్యాబా, ఆసుపత్రి వార్డా?

ప్రశ్న: మేడమ్, మాది నరసరావుపేట. బి.ఫార్మసీ చివరి ఏడాదిలో ఉన్నాను. నాన్నగారికి మెడికల్ షాపు ఉంది. నాకు రీసెర్చ్ వైపు వెళ్లాలని ఉంది. హైదరాబాద్‌లో పనిచేస్తున్న మా సీనియర్ అక్క ఫ్లో కెమిస్ట్రీలోకి రమ్మంటోంది, ఫ్యూచర్ అంతా అదేనట. నాకేమో ఏడో సెమిస్టర్‌లో ఫార్మసీ ప్రాక్టీస్ (ఆసుపత్రిలో పేషెంట్ల మందుల వాడకం చూసే సబ్జెక్టు) బాగా నచ్చింది. నాన్నగారేమో "ఆసుపత్రిలో రీసెర్చ్ ఏముంటుంది? కౌంటర్లో నిలబడి మందులివ్వడానికైతే మన షాపు లేదా?" అంటున్నారు. సెలవుల్లో షాపులో కూర్చున్నప్పుడు, ఒకే చీటీలో రెండు నొప్పి మాత్రలు పడితే సరదాగా నోట్‌బుక్‌లో రాసుకుంటుంటాను. రెండో ఏడు నుంచీ అది అలవాటు. ఆర్గానిక్‌లో మంచి మార్కులే వచ్చాయి. ఎటు వెళ్లాలో తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీ అక్క చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే "ఫ్యూచర్ అంతా అదే" అని ఎవరు ఏ బ్రాంచి గురించి చెప్పినా సగం తగ్గించి వినడం నాకు అలవాటు. కౌన్సెలింగ్‌లోకి రాకముందు ఆరేళ్లు ఒక బల్క్ డ్రగ్ (మాత్రల్లో వేసే అసలు మందు) కంపెనీలో, మందును కిలోల లెక్కన తయారుచేసి చూసే కిలో ల్యాబ్‌లో పనిచేశాను కాబట్టి, ముందు అటువైపు సంగతే చెప్తాను.

మన దగ్గర బల్క్ డ్రగ్స్ ఎక్కువగా బ్యాచ్ పద్ధతిలోనే తయారవుతాయి. రియాక్టర్‌లో సరుకంతా వేసి, కలుపుతూ, వేడి చేసో చల్లబరిచో, రియాక్షన్ అయ్యాక దించుకుంటారు. గంగాళంలో పాయసం కాచడం లాంటిదే. చిక్కల్లా వేడితోనే. పాత్ర పెద్దదయ్యే కొద్దీ లోపలి సరుకు పెరిగినంతగా గోడ పెరగదు, పుట్టిన వేడికి బయటికి దారి దొరకదు. ఫ్లో కెమిస్ట్రీలో గంగాళం ఉండదు, సన్నటి గొట్టం ఉంటుంది. రెండు పంపులు రెండు ద్రావణాలను తోస్తాయి, అవి T ఆకారపు టీ-జాయింట్ దగ్గర కలిసి, గొట్టంలో పోతూ పోతూనే రియాక్షన్ పూర్తి చేసుకుంటాయి. మీటరు వ్యాసమున్న ట్యాంకులో కన్నా మిల్లీమీటరు వ్యాసమున్న గొట్టంలో ప్రతి చుక్కకూ వెయ్యి రెట్లు ఎక్కువ గోడ తగులుతుంది. పేలే ప్రమాదమున్న నైట్రేషన్లు, ఎజైడ్లు, డయజో రియాక్షన్లు ఫ్లాస్క్‌లో భయపడుతూ చేసేవాళ్లం. గొట్టంలో అంత భయం అక్కర్లేదు, ఎందుకంటే ఏ క్షణంలోనైనా లోపల ఉండేది కాస్తంతే.

ఒక రాత్రి షిఫ్టులో ఐదు డిగ్రీలు దాటకూడని బ్యాచ్‌కు చల్లబరిచే యంత్రం (చిల్లర్) ఆగిపోయింది. రసాయనం కలపడం ఆపేసి, థర్మామీటర్ వైపు చూస్తూ నలభై నిమిషాలు నిలబడ్డాను. పదకొండు, పద్నాలుగు, పదహారు... అక్కడ ఆగింది. ఏమీ జరగలేదు. కానీ పేపర్లో "రియాక్టర్ పేలుడు" అన్న హెడ్డింగ్ కనిపించినప్పుడల్లా నాకు ఆ అంకెలే గుర్తొస్తాయి. అందుకే ఫ్లో కెమిస్ట్రీని నేను ఫ్యాషన్ కింద కొట్టిపారేయను.

ఈ రంగం గాలిమేడ కూడా కాదు. సిస్టిక్ ఫైబ్రోసిస్‌కు వాడే ఓర్కాంబి టాబ్లెట్లను కంటిన్యువస్ (బ్యాచ్‌లుగా కాక ఆగకుండా సాగే) పద్ధతిలో తయారు చేయడానికి అమెరికా ఎఫ్‌డీఏ 2015లో ఒప్పుకుంది. 2016లో ఎంఐటీ వాళ్లు ఫ్రిజ్ అంత యంత్రంలో డైఫెన్‌హైడ్రమిన్, లిడోకెయిన్, డయాజెపామ్, ఫ్లూఆక్సెటిన్ తయారు చేసి చూపించారు. కంటిన్యువస్ తయారీకి ఔషధ నియంత్రణ సంస్థల అంతర్జాతీయ వేదిక ఐసీహెచ్ ఇచ్చిన క్యూ13 మార్గదర్శకాలు 2022 నవంబరులో ఖరారయ్యాయి. మన దేశంలో పుణేలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీ (ఎన్‌సీఎల్) దీనికి పెద్ద పేరు. అక్కడ మైక్రోరియాక్టర్ల (ఇలాంటి సన్నటి గొట్టాల రియాక్టర్లు) మీద పనిచేసే అమోల్ కులకర్ణికి 2020లో భట్నాగర్ అవార్డు వచ్చింది, అదీ ఇంజనీరింగ్ విభాగంలో. హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఉన్న డాక్టర్ రెడ్డీస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్‌లో ఫ్లో కెమిస్ట్రీ హబ్ ఉంది.

ఆ అవార్డు కెమిస్ట్రీలో కాకుండా ఇంజనీరింగ్‌లో వచ్చిందన్నది గమనించు. ఈ పనిలో సగం ఇంజనీరింగే. 10 మి.లీ. కాయిల్ (చుట్ట చుట్టిన గొట్టం) అంటే మిల్లీమీటరు వ్యాసమున్న గొట్టం దాదాపు 12.7 మీటర్లు. నిమిషానికి 1 మి.లీ. తోస్తే రియాక్షన్‌కు పది నిమిషాలు దొరుకుతాయి, 2 మి.లీ. తోస్తే ఐదే. ప్రతి మార్పు తర్వాతా ప్రవాహం కుదురుకునే దాకా ఆగి అప్పుడు శాంపిల్ తీయాలి. ఇంతలో టీ-జాయింట్ దగ్గర తెల్లగా ఒక చిన్న స్ఫటికం కడుతుంది, ప్రెషర్ ఎగబాకుతుంది, పంపు కూత పెట్టి ఆగిపోతుంది. ఆ మధ్యాహ్నమంతా స్పానర్ పట్టుకుని జాయింట్లు విప్పడమే. మీ పల్నాడులో మిరప చేలో డ్రిప్పు పైపు మూసుకుపోతే రైతు ఒక్కో డ్రిప్పరూ తీసి ఊదుకుంటూ పోతాడు చూడు, అలాంటి పనే. ఆ విప్పడం, బిగించడం ఇష్టమైనవాళ్లకు ఇది స్వర్గం. మూడో సెమిస్టర్‌లో ఫార్మాస్యూటికల్ ఇంజనీరింగ్ చదివావు కదా. హీట్ ట్రాన్స్‌ఫర్, ప్రవాహం తీరు చెప్పే రేనాల్డ్స్ నంబర్ అర్థం చేసుకుని చదివావా, బట్టీ పట్టావా? ఆర్గానిక్ మార్కుల కన్నా ఆ జవాబే ఎక్కువ చెబుతుంది.

ఇక నాన్నగారి ప్రశ్న. ఆయన్ను తప్పుపట్టను, మన ఊళ్లలో ఆసుపత్రి ఫార్మసీ అంటే కనిపించేది కౌంటరే. నా స్నేహితురాలు ఒకావిడ ఆసుపత్రిలో క్లినికల్ ఫార్మసిస్టు. ఒకరోజు ఆవిడ వెంట వార్డుకు వెళ్లాను (వివరాలు కొద్దిగా మార్చి రాస్తున్నా). పేషెంటు 68 ఏళ్ల పెద్దావిడ, బరువు 45 కిలోలు, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) 2.1. రక్తం గడ్డకట్టినందుకు ఎనోక్సాపరిన్ ఇంజెక్షన్ 40 మి.గ్రా. రోజుకు రెండుసార్లు అని కేస్ షీట్‌లో ఉంది. బరువును బట్టి చూస్తే డోసు సరిగ్గానే ఉంది. మా స్నేహితురాలు ఫోన్‌లో, కిడ్నీలు ఎంత వేగంగా వడపోస్తున్నాయో అంచనా వేసే కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ లెక్క కట్టింది. క్రియాటినిన్ క్లియరెన్స్ 18 వచ్చింది. 30 లోపుంటే ఆ మందు రోజుకు ఒక్కసారే ఇవ్వాలి, రెండుసార్లు ఇస్తూ పోతే లోపల రక్తస్రావం కావచ్చు. పీజీ డాక్టరు దగ్గరికెళ్లి, "సర్, ఒక్కసారి ఈ వాల్యూ చూస్తారా" అంది. ఆయన చూశాడు, మార్చాడు. రెండు నిమిషాల పని. బయటికొచ్చాక ఆవిడ ఆ సంగతి ఒక ఫారంలో రాసుకుంది.

రీసెర్చ్ మొదలయ్యేది ఆ ఫారం దగ్గరే. ఏడాది పొడవునా అలాంటివి పోగేస్తే, కిడ్నీ పేషెంట్లలో ఏ మందుల డోసు ఎక్కువగా తప్పుతోంది, ఏ వార్డులో, ఏ షిఫ్టులో అన్నది తేలుతుంది. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియా 2010లో మొదలైంది. చాలా మెడికల్ కాలేజీల్లో దాని కేంద్రాలున్నాయి. మన దేశంలో ఫార్మసీ ప్రాక్టీస్ పీజీ 1990ల రెండో సగంలో మైసూరు, ఊటీ జేఎస్ఎస్ కాలేజీల్లో వేళ్లూనుకుంది. వార్డు పనికి తయారుచేసే డాక్టర్ ఆఫ్ ఫార్మసీ కోర్సు, అంటే ఫార్మ్.డి, 2008లో వచ్చింది. అంటే ఇంకా కుర్ర రంగమే.

కుర్ర రంగం కాబట్టి తలనొప్పులూ ఉన్నాయి, దాచను. "నువ్వెవరమ్మా నాకు చెప్పడానికి" అనే డాక్టర్లు తగులుతారు. చాలా కాలేజీల్లో ప్రాజెక్టు అంటే వందమందికి ప్రశ్నపత్రం పంచి, శాతాలు కట్టి, బైండింగ్ చేయించడమే. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫార్మసిస్టు పోస్టులంటే చాలావరకు మందుల పంపిణీ పోస్టులే. ఫార్మ్.డి చేసినవాళ్లలో చాలామంది వార్డులో కాక, హైదరాబాద్ ఆఫీసుల్లో డ్రగ్ సేఫ్టీ కేసులు టైప్ చేస్తూ తేలతారు. అది గౌరవమైన ఉద్యోగమే, కానీ నువ్వడిగింది అది కాదు. ఇంకో తేడా. ల్యాబ్‌లో ఇవాళ పాడైన రన్ రేపు మళ్లీ చేసుకోవచ్చు. ఆసుపత్రిలో పేషెంటు వచ్చినప్పుడే డేటా, ఎథిక్స్ కమిటీ సంతకం పడేదాకా అదీ లేదు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఫ్లో కెమిస్ట్రీ గురించి నువ్వు రాసినదంతా అక్క మాటే. నోట్‌బుక్ మాత్రం నీది. ఎవరూ చెప్పకుండా, మార్కులు రాకుండా మూడేళ్లుగా చీటీలు గమనిస్తున్నావు. నువ్వు సరదా అనుకుంటున్న ఆ పనికి మా వాళ్లు పెట్టుకున్న పేరు డ్రగ్ యుటిలైజేషన్ స్టడీ. చీటీకి ఎన్ని మందులు, ఎన్నింట్లో యాంటీబయాటిక్, ఎన్నింట్లో ఇంజెక్షన్ అని లెక్కించడానికి డబ్ల్యూహెచ్‌ఓ 1993లోనే కొలతలు ఇచ్చింది. అందుకే నా ఓటు ఫార్మసీ ప్రాక్టీస్‌కే.

వార్డులోనే ఉండాలనుకుంటే బి.ఫార్మసీ తర్వాత మూడేళ్ల ఫార్మ్.డి పోస్ట్ బ్యాకలోరియేట్ ఉంది. అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. పీహెచ్‌డీ, టీచింగ్ వైపు మనసుంటే రెండేళ్ల ఎం.ఫార్మసీ చాలు. రీసెర్చ్ అన్నావు కాబట్టి నేనైతే రెండోదే అంటాను. కేంద్ర ప్రభుత్వ ఫార్మసీ విద్యాసంస్థలైన నైపర్‌లలో మొహాలీ, గువాహటిలో ఫార్మసీ ప్రాక్టీస్ ఉంది. వాటి ప్రవేశ పరీక్షకు జీప్యాట్ (ఎం.ఫార్మసీ ప్రవేశాలకు జాతీయ పరీక్ష) అర్హత అడుగుతారు, కాబట్టి జీప్యాట్ చదువు ఆపకు. జీప్యాట్‌తో ఎం.ఫార్మసీలో చేరినవాళ్లకు నెలకు 12,400 స్కాలర్‌షిప్ ఉంది, నువ్వు చేరే కాలేజీకి వర్తిస్తుందో లేదో ముందే కనుక్కో.

కాలేజీ ఎంచుకునేటప్పుడు బిల్డింగ్ చూడకు. అనుబంధ ఆసుపత్రి ఏది, ఎన్ని పడకలు, విద్యార్థులను రౌండ్స్‌కు తీసుకెళ్తారా, కేస్ షీట్లు ముట్టుకోనిస్తారా, పోయిన ఏడాది ఎన్ని ఏడీఆర్ (మందుల దుష్ప్రభావాల) రిపోర్టులు పంపారు అని అడుగు. ప్రిన్సిపాల్ గదిలో కాదు, క్యాంటీన్‌లో ఇంటర్న్‌లను అడుగు.

ఒకవేళ ఇదంతా చదివాక కూడా ఆ గొట్టాలు, పంపులే కళ్ల ముందు మెదులుతుంటే, దారి మూసుకుపోలేదు. 55 శాతం మార్కులుంటే బి.ఫార్మసీతోనే సీఎస్‌ఐఆర్ నెట్ (సైన్స్ పరిశోధనకు జాతీయ అర్హత పరీక్ష) రాయొచ్చు. జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000. కాకపోతే కెమికల్ సైన్సెస్ పేపర్‌లో ఫిజికల్, ఇనార్గానిక్ మొదటి నుంచీ కూర్చుని చదవాలి. ముందుగా అక్కను అడిగి ఒక్క రోజు వాళ్ల ల్యాబ్ చూసిరా, అదీ లైన్ చోక్ అయిన రోజున.

ఈలోగా ఎనిమిదో సెమిస్టర్ ప్రాజెక్టు ఉంది కదా. మీ గైడ్‌ను అడిగి, అనుమతి తీసుకుని, మీ షాపుకొచ్చే చీటీల మీదే చెయ్యి. పేషెంటు పేరు, డాక్టరు పేరు రాయొద్దు. వయసు, మందు, మోతాదు, ఎన్ని రోజులు, అంతే. రెండు నొప్పి మాత్రలతో ఆగకు. ఎసిక్లోఫెనాక్ కాంబినేషన్ మాత్రలో పారాసెటమాల్ 325 ఉంటుంది, దాని పక్కనే డోలో 650 (అదీ పారాసెటమాలే) కూడా రాసి ఉంటే అది ఇంకో లెక్క. పాత రాతల్లో అర్థంకానివి ఉంటే నాన్నగారి పక్కన కూర్చుని చదివించుకో. డాక్టర్ల రాత చదవడంలో ఆయనకున్నంత అనుభవం మీ కాలేజీలో ఎవరికీ ఉండదు.