సెన్‌హైజర్ 800 ఎస్ కొనే ముందు గదిలో ఫ్యాను ఆపి చూడండి

పాత కచేరీలు, బ్లాక్ అండ్ వైట్ కాలం నాటి పాటలు ఎక్కువగా వింటానన్నారు. సెన్‌హైజర్ హెడ్‌ఫోన్లలో హెచ్‌డి 600, 660 ఎస్2, 800 ఎస్ మూడింట్లో ఏది తీసుకోమంటారని అడిగారు. నా మాట హెచ్‌డి 600. డబ్బు మిగుల్తుందని చెప్పడం లేదు. మీరు వినేవాటికి అదే సరైనది.

మీ ప్రశ్నలో గది గురించి ఒక్క ముక్క లేదు. అన్నిటికన్నా ముందు చూడాల్సింది అదే. ఈ మూడూ ఓపెన్ బ్యాక్. కప్పు వెనక జాలీ తప్ప మూత ఉండదు, బయటి చప్పుడంతా లోపలికి వచ్చేస్తుంది. మాది ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి, బజారుకి దగ్గర ఇల్లు. వీధిలో ఆటోలు, ఒడియా, తెలుగు కలిపి అరిచే కూరగాయల బళ్లు, నెత్తి మీద ఫ్యాను. ఇలాంటి ఇళ్లలో ఉండేవాళ్లకి సలహా చెప్పేవాళ్లు ఏసీ గదిలో తలుపులేసుకుని కూర్చున్నవాళ్లు!

దసరాకి మా మేనమామ కొడుకు విశాఖ నుంచి తన 800 ఎస్ తెచ్చాడు. "బావా, ఇది విన్నాక నీ 600 పక్కన పడేస్తావు" అంటూ పెట్టె విప్పాడు. బ్యాటరీతో నడిచే చిన్న యాంప్ (హెడ్‌ఫోన్‌కి బలం ఇచ్చే పెట్టె) ఒకటే పెట్టుకుని, రెండూ మార్చి మార్చి విన్నాం. ముందు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్, నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత 78 ఆర్‌పీఎం రికార్డు నుంచి ఎక్కించింది. 800 ఎస్‌లో గరగర చెవుల చుట్టూ పరుచుకుంది, వయొలిన్ ఎక్కడో దూరంగా సన్నగా నిలబడింది. ఆ రికార్డుల్లో పై స్థాయిలో సంగీతం బహు తక్కువ, ఉన్నదంతా చప్పుడే. 800 ఎస్ దాన్ని కూడా విడమరిచి చూపిస్తుంది. అదే ముక్క 600లో వింటే కమాను తీగ మీద ఒత్తి లాగిన చోటు స్పష్టంగా తెలిసింది, గరగర వెనక్కి తగ్గింది. మావాడు ఏమీ అనలేదు, మళ్లీ మొదట్నుంచి పెట్టమన్నాడు.

ఇంతలో కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, వీధిలో దీపాలూ ఆరాయి. ఈసారి కొత్తగా రికార్డు చేసిన వీణ కచేరీ పెట్టాడు. అప్పుడు 800 ఎస్ తన విశ్వరూపం చూపించింది. వేలు మెట్టు మీద పడిన చప్పుడు ఒక చోట, నాదం ఇంకో చోట, మృదంగం కాస్త కుడివైపు వెనగ్గా. అందులో ధ్వని పుట్టించే 56 మిల్లీమీటర్ల డ్రైవరు ఎందుకు పెట్టారో అప్పుడు అర్థమవుతుంది. కరెంటు వచ్చి ఫ్యాను తిరగ్గానే ఆ సూక్ష్మాలన్నీ గాలి చప్పుడులో కలిసిపోయాయి. అంత ఖరీదైన వస్తువు మా ఇంట్లో కరెంటు పోయినప్పుడే పనికొస్తుందన్నమాట.

660 ఎస్2 సంగతి చెప్తాను. దాని డ్రైవరు రెజొనెన్స్‌ని, అంటే అది సహజంగా కంపించే స్థాయిని, పాత 660 ఎస్‌లో ఉన్న 110 హెర్ట్జ్ నుంచి 70కి దించారు, కాబట్టి బాస్, అంటే కింది స్థాయి ధ్వని, బలంగా ఉంటుంది. ఇప్పటి సినిమా పాటలు వినేవాళ్లకి బాగుంటుంది. పాత గొంతులకి దాని అవసరం లేదు.

600లో నాకు మరీ నచ్చింది, పాడైతే బాగుచేసుకోగలగడం. 1997లో వచ్చింది, ఇప్పటికీ తయారవుతోంది. కేబులు రెండు కప్పుల కింద నుంచి లాగితే వచ్చేస్తుంది. ప్యాడ్లు, అంటే చెవికి ఆనే మెత్తలు, వేళ్లతో ఊడదీసి కొత్తవి నొక్కితే పట్టేస్తాయి. దీని తోబుట్టువు హెచ్‌డి 650 ప్యాడ్లు కూడా సరిపోతాయి. సరిహద్దు ఊళ్లలో సర్వీస్ సెంటర్ ఎక్కడుంటుంది? ఒక ఆన్‌లైన్ దుకాణం నా ప్యాడ్ల పార్సిల్‌ని 'ఇంట్లో ఎవరూ లేరు' అని రాసి వెనక్కి పంపింది, ఆ రోజంతా నేను అరుగు మీదే కూర్చున్నాను. ఫోన్ చేస్తే ఆంధ్రా అడ్రసు ఇవ్వమన్నారు! మేం ఒడిశాలో ఉంటే వస్తువు కొనకూడదా?

ఇంకో బాధ. పాత పాటలకి ఎకో కలిపి, దొంగ స్టీరియో చేసి 'రీమాస్టర్' అని అప్‌లోడ్ చేస్తున్నారు. వాటికి ఏ హెడ్‌ఫోనూ న్యాయం చేయలేదు. ముందు మంచి మోనో కాపీ, అంటే రెండు చెవులకీ ఒకే ధ్వని వచ్చే అసలు కాపీ, సంపాదించండి.

600 ఇంపీడెన్స్, అంటే కరెంటుకి అది ఇచ్చే అడ్డు, 300 ఓమ్‌లు. నేరుగా ఫోన్‌కి పెట్టి 'నీరసంగా ఉంది' అని తిట్టకండి, బడ్జెట్‌లో యాంప్‌కి కొంత ఉంచండి. మీ ఇల్లు కూడా మాలాగే రోడ్డు మీదుంటే, పగలే వినాలంటే, 2024లో వచ్చిన హెచ్‌డి 620 ఎస్ చూడండి. అది క్లోజ్డ్ బ్యాక్, అంటే కప్పు వెనక మూత ఉంటుంది, 150 ఓమ్‌లు. రాత్రి అందరూ పడుకున్నాక వినేవాళ్లయితే 600 తీసుకోండి.