కటకానా చదవడం వస్తోంది, రాయడం రావట్లేదు: ఫోన్‌ని ఎలా వాడాలి?

తిరుపతిలో మీ దగ్గరికి జపనీస్ నేర్చుకోడానికొచ్చే పిల్లలు ఆ భాషలోని రెండు లిపులు, హిరగానా, కటకానా చదివేస్తున్నారు, రాయమంటే తడుముకుంటున్నారు, ఏ యాప్ మంచిదని అడిగారు. ముందు ఒక చిన్న పరీక్ష పెట్టండి. అక్షరం ఎదురుగా ఉంచి, చూసి రాయమనండి. చూస్తే బాగా రాసి, మూస్తే మర్చిపోతుంటే జ్ఞాపకం సమస్య. చూసి రాసినా తేడా వస్తుంటే కన్నో, చెయ్యో. రెండింటికీ మందు వేరు.

జ్ఞాపకానికి ఆంకీడ్రాయిడ్ చాలు, కార్డులు చూపించి మళ్ళీ మళ్ళీ గుర్తుచేసే యాప్, ఉచితం. కార్డు ముందువైపు శబ్దం, వెనక అక్షరం పెట్టండి. చాలామంది తిరగేసి పెడతారు, దాంతో చదవడమే బలపడుతుంది. అందులో వైట్‌బోర్డ్ ఆన్ చేస్తే కార్డు మీదే వేలితో రాయొచ్చు. రోజుకి 20 కొత్త కార్డులని ముందే ఉంటుంది, 5కి తగ్గించండి. లేదంటే వారం తిరిగేసరికి రివిజన్ గుట్టపడి, పిల్లలు యాప్ తెరవడమే మానేస్తారు.

చేతి సంగతి వేరు. తెలుగు రాత గుండ్రంగా సాగుతుంది, ఆ అలవాటు ఇక్కడా దూరుతుంది. కటకానాలో షి, త్సు చూడండి. రెండింట్లోనూ రెండు చిన్న గీతలు, ఒక పెద్దది. షిలో చిన్నవి ఎడమవైపు ఒకదాని కింద ఒకటి, పెద్దది కింది నుంచి పైకి లేస్తుంది. త్సులో చిన్నవి పైన పక్కపక్కన, పెద్దది పైనుంచి కిందికి దిగుతుంది. న్, సో మధ్య కూడా పెద్ద గీత దిశే తేడా. రాసేసిన కాగితం మీద ఈ తప్పు సరిగా దొరకదు, చెయ్యి కదిలేటప్పుడు చూడాలి. పుస్తకాల దొంతర మీద ఫోన్‌ని కెమెరా బయటికొచ్చేలా పెట్టి, స్లో మోషన్‌లో తీసి వాళ్ళకే చూపించండి. పదిసార్లు చెప్పినా ఎక్కనిది అప్పుడు ఎక్కుతుంది.

గూగుల్ కీబోర్డ్ యాప్ జీబోర్డ్‌లోని చేతిరాత కీబోర్డ్‌ని మాత్రం పరీక్షగా వాడొద్దు. గీతల వరస తప్పినా చాలాసార్లు సర్దుకుని సరైన అక్షరమే చూపిస్తుంది. తెలియని కాంజీకి (జపనీస్‌లో వాడే చైనా మూలపు అక్షరాలు) అర్థం వెతకడానికైతే బ్రహ్మాండం.

ఫాంట్ కూడా చూసుకోండి. ఎన్నో ఫాంట్లలో హిరగానా కి, స అక్షరాల కింది వంపు పైగీతతో కలిసిపోయి ఉంటుంది. చేత్తో రాసేటప్పుడు విడిగా రాస్తారు. వర్క్‌షీట్లు క్లీ వన్ ఫాంట్‌లో ప్రింట్ తీయండి, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది.

చివరికి కాగితం మీదికి రావాల్సిందే. లెక్కల గళ్ళ నోటుబుక్కులో నాలుగు గళ్ళు కలిపి ఒక పెద్ద గడి చేస్తే, మధ్య గీతలు అక్షరం ఎక్కడ మొదలవ్వాలో చూపిస్తాయి. చూసి రెండుసార్లు, మూసి ఒకసారి. యాభైసార్లు రాయిస్తే చెయ్యి తిరుగుతుంది గానీ మనసు అక్కడ ఉండదు.

తెలుగు రాయడంలోనూ అంతే కష్టపడే బిడ్డ ఉంటే ఒత్తిడి పెట్టొద్దు, దయచేసి. చెన్నై వెళ్ళి రాసే జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో చేత్తో రాసే ప్రశ్నలే ఉండవు, జవాబు గుర్తించడమే. ఆ బిడ్డకి హిరగానా, కటకానా వరకు రాయించి, కాంజీని గుర్తుపట్టడం, టైప్ చేయడం నేర్పండి.